మూడు అడుగుల తొమ్మిది అంగుళాలు

తుమ్మలకొట్టాల, కమలాపురం మండలం
12 జూన్ 2024

చిరంజీవి మధులతకు మామ సుబ్బన్న దీవెనలు.

మీ అత్త, నేను బాగున్నాం. నువ్వు, అల్లుడు సుధీర్ బాగున్నారనే అనుకుంటున్నాను. అనుకోవడమే తప్ప నీ కబురు విని నెల దాటింది. ఫోన్ ఉండగా మామకు ఈ కాగితం పిచ్చి ఏమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. ఫోన్లో మాట్లాడితే రికార్డవుతుంది, వాట్సాప్‌లో రాస్తే పొద్దుగూకేలోపు ఊరి గ్రూపులో తేలుతుంది. ముప్పై ఏళ్లు పంచాయతీ గుమాస్తాగా చేసినవాణ్ణి, కాగితమైతే ఎవరి చేతిలో ఉందో నాకు తెలుస్తుంది. నువ్వూ కాగితం మీదే రాయి.

సోమవారం మన గ్రామ సచివాలయం గోడకు ఒక పటం అంటించారు. తలుపంత ఉంది. పైన ‘తుమ్మలవంక వరద ముంపు ప్రాంతం, ముసాయిదా’ అని రాశారు. కింద మూలన మీ కర్నూలు ఆఫీసు పేరు, తయారు చేసినవారు అన్నచోట నీ పేరు. మీ అత్త కళ్లజోడు పెట్టుకుని నీ పేరు చదివి మురిసిపోయింది. తర్వాత తలెత్తి పటం చూసింది.

ఊరంతా ఎరుపు. అరవై రెండు ఇండ్లు, బడి, పాలకేంద్రం, చివరికి రామాలయం ఉన్న మిట్ట కూడా. మూడేళ్ల కిందట నవంబరు వానలకు వంక పొంగినప్పుడు ఇదంతా మునిగిందట. వంకకు అవతల కమలాపురం రాఘవేంద్రప్రసాద్ ప్లాట్లు వేసిన నంది నగర్ వెంచర్ మాత్రం పచ్చగా ఉంది. వంక నడిమధ్య గీత కొట్టినట్టు ఇటు ఎరుపు, అటు పచ్చ. నీళ్లకు ఇవతలివాళ్ల మీదే ప్రేమ కాబోలు.

ఎరుపంటే ఏమిటో సచివాలయం వాళ్లే చెప్పారు. కొత్త ఇంటికి అనుమతి ఉండదు. బ్యాంకు అప్పు ఉండదు. రెండేళ్లలో ఊరినే వేరే చోటికి తరలిస్తారట. పునాది తవ్వుకున్న నాగరాజ్ పని ఆపేసి గుంతలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆగస్టు నెలాఖరులోపు అభ్యంతరాలు చెప్పుకోవాలి. ఆ తర్వాత పటం ఖాయమైతే తుమ్మలకొట్టాల అనే ఊరు ఇక్కడ ఉండదు.

పాలకేంద్రం దగ్గర మేస్త్రీ రంగన్న అందరి ముందూ అడిగాడు. “ఏమప్పా సుబ్బన్నా, మీ మేనకోడలే గదా రంగులేసింది. మనకు ఎరుపు, వెంచరోళ్లకు పచ్చ ఎట్ల వచ్చినాదో ఒక మాట కనుక్కోరాదా?”

అందుకే అడుగుతున్నాను. రెండే ప్రశ్నలు. ఆ రంగులు ఎవరు వేయమన్నారు? ఆ వెంచర్ వాళ్లకూ మీకూ ఏమైనా పరిచయం ఉందా?

సుబ్బన్న


కర్నూలు
22 జూన్ 2024

మామకు నమస్కారాలు.

నీ కాగితం అందింది. చదివి నవ్వుకోలేదు, మనసు కష్టపెట్టుకున్నాను. పరాయివాళ్లు అనుమానిస్తే సర్దుకుపోతాను. నువ్వు కూడా రంగన్న మాట మోసుకొస్తే ఏమనుకోవాలి?

మేము రంగులు వేయం మామా. డ్రోన్ ఎగరేసి ఊరి ఎత్తుపల్లాలన్నీ కొలుస్తారు. ఏ ఇంట్లో ఎంత లోతు నీళ్లు నిలిచాయో రాసిన జాబితా ఒకటి ఉంటుంది. ఆ రెండూ సాఫ్ట్‌వేర్‌కు ఇస్తాం. అది నేల ఎత్తుకు నీటి లోతు కలుపుకుని వరద ఎంత మట్టానికి లేచిందో లెక్క కడుతుంది. జాబితా ఉన్నంత మేర, ఆ మట్టానికి కింద ఉన్న నేలంతా ఎర్రగా చూపిస్తుంది. దానికి బంధువులూ లేరు, పగవాళ్లూ లేరు.

ఆ జాబితా ఎక్కడిదని అడుగుతావేమో. వరద తీసిన నాలుగో రోజు నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు మీ ఊళ్లోనే ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నది. ప్రతి ఇంటి గోడ మీదా బురద గీత, దాని పక్కన టేపు పట్టుకుని తీసిన ఫొటో ఉన్నాయి. ప్రతి పేజీ కింద ‘చూపించినవారు’ అన్నచోట సంతకం ఉంది. ఆ సంతకం నీది. అప్పుడు ఊరంతా మునిగిందని నువ్వే చూపించి, ఇప్పుడు మునగలేదని నువ్వే అంటే నేనేం చేయగలను?

అవతలి గట్టున అప్పటికి ఇండ్లు లేవు. ఇండ్లు లేవు కాబట్టి జాబితా లేదు. జాబితా లేని చోట సాఫ్ట్‌వేర్ ఏమీ చెప్పదు. ఇందులో ఎవరి చెయ్యీ లేదు.

అత్త మోకాళ్లు ఎలా ఉన్నాయి? ఇక్కడ సుధీర్ మోటార్ల షాపులో తీరిక లేకుండా ఉన్నాడు. పోయిన ఆదివారం మహానందికి వెళ్లి వచ్చాం, అత్త పేరున కూడా అర్చన చేయించాను.

మధులత


తుమ్మలకొట్టాల
3 జూలై 2024

చిరంజీవి మధులతకు,

అర్చనకు మీ అత్త సంతోషపడింది. నేను మాత్రం నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను రెండు ప్రశ్నలు అడిగాను, నువ్వు ఒకదానికి ఒకటిన్నర పేజీ రాశావు. రెండోదాని మీదుగా దాటుకుని నేరుగా మోకాళ్ల దగ్గరికి వచ్చేశావు. పంచాయతీలో ఇలాంటి జవాబులు నేనే ఎన్నో రాశాను కనుక గుర్తుపట్టగలను.

సంతకం సంగతి అంటావా. వానలో, బురదలో, నలుగురు ఆఫీసర్లు చుట్టూ నిలబడి పెట్టమంటే పెట్టింది. గుమాస్తా సంతకం చూపించి నన్ను భయపెట్టకు.

ఇంకో సంగతి. జాబితా లేని చోట సాఫ్ట్‌వేర్ ఏమీ చెప్పదని రాశావు. బాగుంది. ఏమీ చెప్పని చోటికి పచ్చరంగు ఎలా వచ్చింది? తెల్లగా వదిలేయొచ్చు కదా. పచ్చ అంటే ఇక్కడికి నీళ్లు రావని అర్థమని పటం మూలలోనే రాసి ఉంది. ఆ వెంచర్ వాళ్లు మీ పటాన్ని ఫొటో తీసి కమలాపురం బస్టాండు ఎదుట ఫ్లెక్సీ వేయించారు. ‘ప్రభుత్వ లెక్క ప్రకారం ముంపు లేని స్థలం’ అట.

ఇక్కడ మాతో మాటలు తగ్గిపోయాయి. నాగరాజ్ భార్య శ్రావణి రోజూ మీ అత్త దగ్గరకు వచ్చి కాసేపు కూర్చుని పోయేది. పదిరోజులుగా రావడం లేదు. మా కింది వరుసలో కట్టాల్సిన అంగన్‌వాడీ కూడా ఎరుపు వల్ల ఆగిపోయింది. ఇసుక, ఇటుకలు మా ఇంటి ముందే పోసి ఉన్నాయి. పిల్లల బడి ఆపించినామె మామదా ఈ ఇల్లు అన్నట్టు పోయేవాళ్లు వచ్చేవాళ్లు చూస్తున్నారు.

మామ సుబ్బన్న


కర్నూలు
17 జూలై 2024

మామకు,

తెల్లగా ఎందుకు వదల్లేదని నువ్వు అడిగింది నన్ను రెండు రోజులు వదల్లేదు. వెళ్లి చూశాను. వివరం లేని చోటికి పచ్చరంగు దానంతటదే వచ్చేలా ఎవరో ముందుగా పెట్టి ఉంచారు. మార్చాల్సింది నేను. పధ్నాలుగు ఊళ్ల ఫైళ్లు ఒక నెలలో ముగించాలంటే ఇచ్చిన వివరాలు ఇచ్చినట్టు ఎక్కించి పంపేశాం. అది నా తప్పే, ఒప్పుకుంటాను.

ఎలాగూ తెరిచాను కదా అని మీ ఊరి జాబితా కూడా చూశాను. మొదటి ఇల్లు మూడు అడుగుల తొమ్మిది అంగుళాలు. రెండోది మూడు అడుగుల తొమ్మిది అంగుళాలు. అరవై రెండో ఇల్లు, మిట్ట మీద పూజారిగారిది, అదీ మూడు అడుగుల తొమ్మిది అంగుళాలే. మీ కింది వరుసకూ ఆ మిట్టకూ ఎనిమిది అడుగుల ఎత్తు తేడా ఉంది. మీ ఇంట్లో అంత లోతు నిలిస్తే మిట్ట మీద గడప కూడా తడవకూడదు. మిట్ట మీద అంత లోతు నిలిస్తే మీ ఇంటి పైకప్పు కూడా కనబడకూడదు. నీళ్లు మెట్లెక్కవు మామా.

రెండువేల తొమ్మిదిలో కర్నూలు మునిగినప్పుడు నేను తొమ్మిదో తరగతి. పాతబస్తీలో మేడ మీద రెండు రోజులు తడిసిన బట్టలతో కూర్చున్నాం. నీళ్లు తీశాక నాన్న నన్ను వీధి పొడవునా నడిపించి గోడలు చూపించారు. మా ఇంట్లో గీత ఫ్యాను దగ్గర ఉంది. పై వీధిలో కిటికీ దగ్గర, ఇంకా పైన గడప దగ్గర. ఇండ్లే ఎగుడుదిగుడు తప్ప గీత మాత్రం తాడు కట్టినట్టు ఒకే మట్టంలో ఉంది. ఆ రోజు చూసిన ఆ గీత వల్లే నేను ఈ చదువు చదివాను, ఈ పనిలో చేరాను. అందుకే మీ ఊరి ఫొటోలు చూస్తే నాకు ఒళ్లు మండింది.

నీకు కోపం వచ్చినా అడుగుతాను. ఆ గీతలు వంక గీసిందా, ఎవరైనా గీశారా?

మధులత


తుమ్మలకొట్టాల
29 జూలై 2024

మధులతకు,

ఇప్పుడు నువ్వు ఆఫీసరువి, నేను ముద్దాయినన్నమాట. మంచిది.

బోరు మోటారు కాలిపోతే కమలాపురం వెళ్లాను. మెకానిక్కు షాపు ఆ వెంచర్ ఆఫీసు పక్కనే. ఆ ఆఫీసు లోపల గోడకు ప్లాట్ల పటం, ఒక్కో ప్లాటులో కొన్నవాళ్ల పేరు, ఊరు, ఫోన్ నంబరు రాసి పెట్టారు. మోటారు విప్పేదాకా ఏం చేయాలో తోచక అన్నీ చదివాను. నలభై ఏడో నంబరు ప్లాటు దగ్గర సుధీర్, కర్నూలు అని ఉంది. కర్నూల్లో సుధీర్లు వందమంది ఉంటారు. కానీ ఆ ఫోన్ నంబరుకు నేను పండుగ పండుగకూ ఫోన్ చేస్తుంటాను.

మోటారు ఎంతయిందో కూడా అడగకుండా బస్సెక్కి వచ్చేశాను. మీ అత్తకు ఇంకా చెప్పలేదు. చెబితే నీ పేరు చదివి మురిసిన రోజు గుర్తొచ్చి ఏడుస్తుంది.

నా గోడ మీద గీత సంగతి తర్వాత. నీ ప్లాటు సంగతి ముందు నువ్వు చెప్పు.

సుబ్బన్న


కర్నూలు
8 ఆగస్టు 2024

మామకు,

అవును. ఆ ప్లాటు మాదే.

ఫిబ్రవరిలో కొన్నాం. కడపలో రెండో షాపు పెట్టి అటే వచ్చి ఉండాలని సుధీర్ ఆశ. బైపాస్ దగ్గరవుతుందని, మీ ఊరు ఎదురుగానే ఉంటుందని నేనూ సంబరపడ్డాను. కొన్నప్పుడు తుమ్మలవంక ఫైలు నా దగ్గరికి రాలేదు. మే నెలలో వచ్చింది. వచ్చిన రోజే మా ఆఫీసరు శివప్రసాద్ గారికి చెప్పి, అక్కడ నాకు స్థలం ఉంది, ఈ ఫైలు వేరేవాళ్లకు ఇవ్వండి అనాలి. అనలేదు. నీ రెండో ప్రశ్నకు అందుకే జవాబు రాయలేకపోయాను.

నేను రంగు మార్చలేదు. ఇది నువ్వు నమ్మినా నమ్మకపోయినా నిజం. కానీ అవతలి గట్టు పచ్చగా రాగానే నా మనసు తేలికపడింది. తేలికపడింది కాబట్టే మళ్లీ చూడలేదు. ఎర్రగా వచ్చి ఉంటే పదిసార్లు చూసేదాన్ని. నాకు సిగ్గుగా ఉంది మామా.

నీ ఉత్తరం అందిన రోజే శివప్రసాద్ గారికి చెప్పాను. ఆయన కోప్పడలేదు. గడువు దగ్గరపడింది, ముందు ఫైలు ముగించమ్మా అన్నారు. కోప్పడి ఉంటేనే నాకు ధైర్యంగా ఉండేది.

ఇప్పుడు మీ ఊరి సంగతి. అభ్యంతరాల గడువుకు ఇరవై మూడు రోజులే ఉంది. జాబితాను ఇలాగే ఉంచితే ఊరంతా ఎరుపు, ఊరు పోతుంది. ఒకే కొలత ఉంది కాబట్టి అంతా అబద్ధమని కొట్టేస్తే ఊరంతా పచ్చ అవుతుంది. అప్పుడు మీ కింది వరుస కూడా పచ్చే. మీ ఇంటి ముందు పోసిన ఇటుకలతో అంగన్‌వాడీ కడతారు. అక్కడికి నిజంగా నీళ్లు వచ్చి ఉంటే, మళ్లీ వచ్చిన రోజు పిల్లలు లోపల ఉంటారు.

అందుకని నాకు నిజం గీతలు ఏవో, అబద్ధం గీతలు ఏవో ఇల్లిల్లుగా కావాలి. ఆ రోజు అందరి ఇండ్లకూ తిరిగినవాడివి నువ్వొక్కడివే. ఇంకెవరిని అడిగినా ఎవరిల్లు వాళ్లు కాపాడుకుంటారు.

మధులత


తుమ్మలకొట్టాల
17 ఆగస్టు 2024

చిరంజీవి మధులతకు,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించాను. నువ్వు ఒప్పుకున్నావు కాబట్టి నాకూ తప్పడం లేదు.

వంక ఆ రోజు మధ్యాహ్నం అన్నాల వేళకు వచ్చింది. మా కింది వరుస ఏడు ఇండ్లలో నిలిచింది. పైన ఒక్క గడపా తడవలేదు. కానీ చేలన్నీ పోయాయి. మొలకెత్తిన శనగ కొట్టుకుపోయి, మోకాలి లోతు ఇసుక మేట వేసింది. మూడో రోజు ఆర్డరు వచ్చింది. ఇంట్లో నీళ్లు నిలిచినవాళ్లకే సాయం, పంటల సంగతి తర్వాత చూస్తారట. తర్వాత అంటే ఎప్పుడో గుమాస్తా పని చేసినవాడికి తెలియదా.

ఆ సాయంత్రం ఊరంతా మా వాకిట్లో నిలబడింది. ఎవరూ గొడవ చేయలేదు. రంగన్న ఒక్కడే అన్నాడు. “నీ ఇంట్లోకి వంకొచ్చింది, నీకిస్తారు. మా చేనే వంకలోకి పోయినాది, మాకెవురిస్తారప్పా?”

మా గోడ మీద గీత దాకా ఒక వెదురుకట్టె నిలబెట్టి, గీత ఉన్నచోట కోశాను. మూడు అడుగుల తొమ్మిది అంగుళాలు. ఆ కట్టె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. నేను కొలత చూపిస్తుంటే ఆడవాళ్లు ఒండ్రుమట్టి కలిపి గుడ్డతో గోడకు పూశారు. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ పెడితే రేపు తగాదాలొస్తాయని మా వరుసతో సహా అందరికీ ఒకే కొలత పెట్టాను. ముప్పై ఏళ్లు కిరోసిన్, చక్కెర పంచినవాణ్ణి. సమానంగా పంచడమే న్యాయమనుకున్నాను. నేల ఎత్తుపల్లాల మాట నాకే కాదు, కొలవడానికి వచ్చిన ఆఫీసర్లకూ తట్టలేదు. వాళ్లకు తట్టినా ఊరుకున్నారేమో, ఇప్పుడు ఎవరినీ నమ్మడం లేదు నేను.

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే, చెబితే ఊరు ఎరుపులోంచి బయటపడుతుంది. మిగిలేది మా వరుస. మా ఇల్లు, గిడ్డమ్మ ఇల్లు, బొజ్జన్న ఇల్లు, ఇంకో నాలుగు. ఊరంతా ఎరుపైతే కలెక్టరు దగ్గర కొట్లాడడానికి అరవై రెండు ఇండ్లుంటాయి. ఏడు ఇండ్లయితే ఎవరు వింటారు? నీ మీద వేసిన అనుమానంలో సగం ఇదే. నువ్వు తప్పు చేశావని తేలితే నా తప్పు ఎవరూ అడగరు.

జాబితా ఇందులో పెడుతున్నాను. ఏడు ఇండ్లకు అసలు కొలతలు, మిగతా యాభై ఐదింటికి సున్నా. వంక పెట్టిన ఆ ఏడు అసలు గీతలూ గోడల మీద ఇప్పటికీ ఉన్నాయి, మళ్లీ టేపు పెట్టి కొలిచాను. ప్రతి వరుస పక్కనా సంతకం పెట్టాను. ఈసారి నన్నెవరూ చుట్టుముట్టలేదు. మీ అత్త ముందే కూర్చుని రాశాను. ఆమె అంతా చదివింది. గోడ మీద గీత చూస్తూ ఉండిపోయింది.

మామ సుబ్బన్న


కర్నూలు
12 అక్టోబరు 2024

మామకు,

ఆలస్యానికి ఏమనుకోకు. చెప్పడానికి ఏదైనా తేలిన తర్వాతే రాద్దామని ఆగాను.

నిజం చెబుతాను, నీ జాబితాను నమ్మి ఎక్కించలేదు. పరీక్షించి ఎక్కించాను. నీ సంతకం మీద నాకు నమ్మకం పోయింది, కోపం తెచ్చుకోకు. ఏడు ఇండ్ల నేల ఎత్తుకు నువ్వు రాసిన లోతులు కలిపి చూశాను. ఏడింటికీ రెండు అంగుళాల తేడా లేకుండా ఒకే మట్టం వచ్చింది. వరద వచ్చిన మర్నాడు ఉపగ్రహం తీసిన బొమ్మ కూడా దొరికింది. నీళ్లు తీసేశాక మిగిలిన తడి మీ వరుస దాకానే కనబడుతోంది. నువ్వు నిజమే రాశావు. ఆ రాత్రి అన్నం సహించింది నాకు.

అదే మట్టాన్ని వంక దాటించి అవతలికి పొడిగించాను. వెంచర్‌లో వంక వైపు పంతొమ్మిది ప్లాట్లు మునుగుతాయి. నలభై ఏడు వాటిలో ఒకటి. అది కూడా ఎర్రగా వేసి ఆగస్టు ఇరవై తొమ్మిదిన పంపించాను.

మొన్న ఖాయమైన పటం వచ్చింది. మీ ఊరు బయటపడింది. మీ ఏడు ఇండ్లే ఎరుపు. అవతలి గట్టు పచ్చగా ఉంది.

నేను పంపిన పటం అది కాదు మామా. ఎక్కడ, ఎవరి బల్ల మీద మారిందో తెలియదు. కింద నా పేరు మాత్రం అలాగే ఉంది. అడిగితే శివప్రసాద్ గారు నవ్వారు. “ఫొటో ఉండాల, గోడ మీద గీత ఉండాల. అవతల గోడే లేదు గదమ్మా. అయినా నీ ప్లాటు కూడా ఉండాది కదా ఆడ, నీకేం నష్టం?” అన్నారు. నాకు మేలు చేసినట్టు మాట్లాడారు. నేను ముందుగా వెళ్లి చెప్పుకున్న మాటనే నా నోరు మూయడానికి వాడారేమో. లేక ఆయనకూ ఏమీ తెలియదేమో. ఆఫీసులో ఎవరు టీ ఇచ్చినా ఎందుకు ఇస్తున్నారోనని చూస్తున్నాను. ఒప్పుకోనని రాసి ఇచ్చాను. తీసుకున్నట్టు ముద్ర వేసి ఇచ్చారు, అంతే.

ఇంకో మాట. సుధీర్‌కు ఇదేదీ చెప్పలేదు. అప్పు చేసి కొన్నాడు, ప్రతి నెలా కడుతున్నాడు. కార్తీక పౌర్ణమికి భూమిపూజ పెట్టుకున్నాడు. ఒకసారి నీళ్లు వస్తాయేమో అని మెల్లగా అంటే, “పటంలో పచ్చగా ఉంది కదా, నువ్వు గీసిందే కదా” అన్నాడు. నా మాట మీద అంత నమ్మకం.

మధులత


తుమ్మలకొట్టాల
6 నవంబరు 2024

చిరంజీవి మధులతకు మామ దీవెనలు.

నువ్వు పరీక్షించి ఎక్కించావని చదివి కోపం రాలేదు. నేనూ నీ స్థానంలో ఉంటే అదే చేసేవాణ్ణి.

పోయిన నెల గ్రామసభలో నిలబడి అంతా చదివాను. కట్టె కోసిన దగ్గర నుంచి సంతకం దాకా. పై ఇండ్లవాళ్లు తలలు దించుకున్నారు. మా వరుస వాళ్లు తిట్టారు. బొజ్జన్న నా మొహం చూడనన్నాడు, ఇప్పటికీ చూడడం లేదు. ఇచ్చిన సాయం తిరిగి రాబడతారని ఒకరు, నన్ను జైల్లో పెడతారని ఒకరు అన్నారు. వస్తే రానీ, సంతకం నాదే. అప్పుడు గిడ్డమ్మ లేచింది. ఒంటరి మనిషి, మా అందరికంటే పల్లంలో ఉన్న ఇల్లు. “నా గోడ మీద గీత నువ్వు గీసింది కాదు సుబ్బన్నా, వంక గీసింది. పూసిన గీతలు చూసి చూసి నాదీ పూసిందే అనుకున్యారు మీరంతా” అంది. అంగన్‌వాడీ బడి పక్కకు మారింది. మా ఏడు ఇండ్లకు మిట్ట కింద స్థలం చూపిస్తామని తీర్మానం రాశారు. పోవాలంటే బాధగానే ఉంది. మీ అత్త ఇప్పటికే సామాన్లలో ఏది ఉంచాలి, ఏది ఇచ్చేయాలి అని చూసుకుంటోంది.

తర్వాత నీ ఉత్తరం సంగతి రంగన్నకు చెప్పాను. నీ ప్లాటుతో సహా చెప్పాను, దాచి దాచి విసిగిపోయాను. అవతల గోడ లేదు కాబట్టి గీత లేదన్నారట అంటే రంగన్న మట్టం గొట్టంతో చూద్దామన్నాడు. మేస్త్రీలు గోడల మట్టం చూసుకోవడానికి సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు పోసి పట్టుకుంటారు కదా. గొట్టం ఎంత పొడుగైనా రెండు చివరలా నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి. “అంత పొడుగు గొట్టం యాడ తెస్తాం అంటావా? మామిడితోటల్లో డ్రిప్పు పైపులు లేవా” అన్నాడు.

ఆదివారం పొద్దున పది తోటల్లో బెజ్జాలు లేని పైపులు విప్పి ఒకదానికొకటి తగిలించారు. ఇటు గిడ్డమ్మ గోడ దగ్గర ఒక చివర, వంక ఇసుకలోకి దించి అవతలి గట్టు ఎక్కించి వెంచర్‌లో ఇంకో చివర. రెండు కొసలకూ రంగన్న గాజులా కనిపించే గొట్టం ముక్కలు బిగించాడు. లోపల గాలి బుడగలు పోగొట్టడానికే మధ్యాహ్నమైంది. పైప్ వెంబడే నడుస్తూ ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా జనం. నేను గిడ్డమ్మ గోడ మీద గీతకు నీటిమట్టం సరిపెట్టి పట్టుకున్నాను. అవతల నాగరాజ్ నీళ్లు ఆగేదాకా చూసి, ఆగినచోట ఎర్రజాజుతో గీత పెట్టాడు. తర్వాత నేను అటు, వాడు ఇటు మారి మళ్లీ చూశాం. గీత మారలేదు. వెంచర్ కాపలావాడు ఆపబోయి, ఫోన్లో వీడియో తీసుకుని, చివరికి పైప్ పట్టుకోవడానికి తనూ సాయం చేశాడు.

అవతలి వెంచర్ గేటు స్తంభానికి గీత పడింది. అక్కడి నుంచి మామూలు గొట్టంతో పంతొమ్మిది ప్లాట్లూ తిరిగాం. ఫొటోలన్నీ నాగరాజ్ తీశాడు. గ్రామసభ తీర్మానం, అరవై రెండు ఇండ్ల సంతకాలు పెట్టి కలెక్టరుకూ, మీ ఆఫీసుకూ రిజిస్టరు పోస్టులో పంపాను. వాళ్లు అడిగిన గీత ఇప్పుడు ఉంది. చూసి కూడా పచ్చగానే ఉంచుతారేమో, ఉంచొచ్చు. కానీ ప్లాటు చూడ్డానికి వచ్చినవాళ్లు గేటు దగ్గరే ఆగి, ఆ గీత ఏమిటని అడుగుతున్నారు. నిన్న ఇద్దరు అడ్వాన్సు వెనక్కి ఇవ్వమని ఆఫీసులో కూర్చున్నారట.

నలభై ఏడు దగ్గరికి వచ్చేసరికి జాజు డబ్బా నేను తీసుకున్నాను. నీ హద్దురాళ్లు మోకాలెత్తు కడప బండలు. గొట్టంలో నీళ్లు రాయి కంటే పైన, నా నడుం దగ్గర ఆగాయి. గీత పెట్టడానికి రాయి అంత ఎత్తు లేదు. ఆ నాలుగు రాళ్లూ మొదలు నుంచి కొసదాకా నేనే ఎర్రగా పూసేశాను.

ఈ ఉత్తరం నీకు శనివారానికి అందుతుంది. పౌర్ణమి ఆ పై శుక్రవారం. సుధీర్ కొబ్బరికాయ పట్టుకుని అక్కడికి వస్తాడు, రాళ్లు చూస్తాడు, ఎవరు పూశారని అడుగుతాడు. మీ మామ అని కాపలావాడు చెబుతాడు. అప్పుడతను వంకను అనుమానించడమ్మా, నిన్ను అనుమానిస్తాడు. నీకు ఎప్పటి నుంచి తెలుసని అడుగుతాడు. అతను రాళ్లను చూసేలోపు నువ్వే చెప్పు. కాగితం మీద కాదు, ఎదురుగా కూర్చుని చెప్పు.

మీ మామ
సుబ్బన్న